రాజీ విఫలమైన తరువాత: తెలుగు సమాజంలో ‘ఐ.పి.’ - పదం, చట్టం, పరువు

వ్యాససంగ్రహం: వ్యక్తిగత ఋణాల విషయంలో అప్పులవారు రాజీ ప్రతిపాదనను తిరస్కరించినప్పుడు ఋణగ్రస్తునికి మిగిలే మార్గాలను 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఆధారంగా వివరించడం, ఆ మార్గాల పట్ల తెలుగు వాడుక ఏర్పరచిన దృష్టిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఋణం, దివాలా, ఐ.పి., రాజీ, పెద్దమనుషులు, విముక్తి.

1. ప్రవేశిక

‘ఇన్‌సాల్వెన్సీ పిటిషన్’ అనే న్యాయపరిభాషకు పొడి అక్షరాల రూపమైన ‘ఐ.పి.’ తెలుగు పల్లెల్లో చదువురానివారికి సైతం పరిచితమైన పదం. అయితే న్యాయస్థానంలో అది ఒక అర్జీ పేరు కాగా, వాడుకలో ఒక నింద. “ఐ.పి. పెట్టాడు” అన్న మాటలోని క్రియను గమనించాలి. ‘టోపీ పెట్టడం’, ‘నామం పెట్టడం’ వంటి పలుకుబళ్ల సరసన చేరి, ఎదుటివానిని ఉద్దేశపూర్వకంగా వంచించాడనే అర్థాన్ని అది సంతరించుకుంది. చట్టం ప్రకారం అర్జీ పెట్టేవాడు ఋణగ్రస్తుడైనా, అతనిని దివాలాదారుగా ప్రకటించేది న్యాయస్థానం. వాడుక ఈ రెండవ దశను పూర్తిగా విస్మరించింది.

2. పెద్దమనుషుల రాజీ - దాని పరిమితి

అప్పులు ఆస్తిని మించినప్పుడు మొదట జరిగేది పంచాయితీ. పెద్దమనుషులు కూర్చుండి, ఉన్న ఆస్తిని లెక్కగట్టి, రూపాయికి ఇంత చొప్పున సర్దుబాటు చేస్తారు. ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, పరువుకు భంగమూ తక్కువే. కాని అంగీకరించనివానిని బంధించే శక్తి ఆ తీర్మానానికి లేదు. పదిమందిలో తొమ్మిదిమంది ఒప్పుకొన్నా, పదవవాడు తన ప్రామిసరీ నోటుపై దావా వేసి డిక్రీ పొందవచ్చు. అది తెలిసిన తక్కినవారు కూడా వెనుకంజ వేస్తారు. రాజీ విఫలం కావడానికి అప్పులవారి కాఠిన్యం ఒక్కటే కారణం కాదు. ఇతరులకు ముందుగా ముట్టి తమకు దక్కదేమోనన్న భయం కూడా కారణమే.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం డిక్రీతో సమానమైన విలువనిచ్చింది. అయితే అక్కడ కూడా ఉభయుల అంగీకారమే మూలం. అంగీకారం కుదరకపోతే న్యాయస్థానం నుంచి వచ్చిన వ్యాజ్యం తిరిగి అక్కడికే పోతుంది.

3. చట్టం చూపిన మార్గం

1920 చట్టం 10వ సెక్షన్ ప్రకారం అప్పులు తీర్చలేని స్థితిలో ఉండి, వాటి మొత్తం 500 రూపాయలకు తక్కువ కాని వ్యక్తి అర్జీ దాఖలు చేయవచ్చు. దివాలా ప్రకటన వెలువడిన తరువాత ఆస్తి న్యాయస్థానానికి లేదా రిసీవరుకు సంక్రమిస్తుంది. ఆపైన న్యాయస్థానం అనుమతి లేకుండా అప్పులవారు విడివిడిగా దావాలు వేయడానికి వీలులేదు. అరెస్టు నుంచి రక్షణ కోరే అవకాశాన్ని 31వ సెక్షన్ కల్పించింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించిన ఆస్తి, అంటే కట్టుబట్టలు, చేతివృత్తి పనిముట్లు, సేద్యపు సాధనాలు వంటివి, ఋణగ్రస్తునికే మిగులుతాయి. తాకట్టు పొందిన ఋణదాత హక్కు మాత్రం చెక్కుచెదరదు.

ఈ దశలో 38వ సెక్షన్ రాజీకి మరొక అవకాశమిస్తుంది. ఋణాలు రుజువు చేసుకొని హాజరైన అప్పులవారిలో సంఖ్య రీత్యా అధికులు, మొత్తం రీత్యా నాలుగింట మూడు వంతుల వారు అంగీకరిస్తే ప్రతిపాదన ఆమోదం పొందినట్లే. న్యాయస్థానం కూడా దానిని సమంజసమని భావించి ఆమోదిస్తే, అంగీకరించని రుజువైన అప్పులవారికి సైతం అది వర్తిస్తుంది. పంచాయితీకి లేని శక్తి ఇదే.

ఉదాహరణకు పదిమందికి కలిపి 20 లక్షల అప్పు ఉన్నదనుకొందాం. అందరూ హాజరై తొమ్మిదిమంది అంగీకరించి, 6 లక్షలు రావలసిన ఒక్కడు నిరాకరిస్తే, అంగీకరించినవారి వాటా 14 లక్షలు, అంటే నూటికి 70 మాత్రమే. ప్రతిపాదన వీగిపోతుంది.

4. తిరస్కరణ తరువాత

ప్రతిపాదన వీగిపోయినంత మాత్రాన ఋణగ్రస్తుడు నిరాశ్రయుడు కాడు. దివాలా ప్రకటన కొనసాగుతుంది. రిసీవరు ఆస్తిని విక్రయించి, చట్టం నిర్దేశించిన ప్రాధాన్యాల మేరకు చెల్లించి, మిగిలినది దామాషా ప్రకారం పంచుతాడు. న్యాయస్థానం విధించిన గడువులో ఋణగ్రస్తుడు విముక్తికి దరఖాస్తు చేసుకోవాలి. చేసుకోకపోతే 43వ సెక్షన్ ప్రకారం ప్రకటనే రద్దవుతుంది. పూర్వపు ఒత్తిడులన్నీ మళ్లీ మొదలవుతాయి. అర్జీ వేయడంతో పని ముగిసిందనుకొనేవారు నష్టపోయేది ఇక్కడే.

ఆస్తి విలువ రూపాయికి ఎనిమిది అణాలకు తగ్గితే సంపూర్ణ విముక్తి సాధారణంగా లభించదు. అయితే ఆ కొరత ఋణగ్రస్తుని బాధ్యతకు లోనుకాని పరిస్థితుల వల్ల ఏర్పడిందని నిరూపిస్తే మినహాయింపు ఉంది. విముక్తి లభించినా ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు, భరణం బాధ్యత తొలగవు. హామీదారు బాధ్యత కూడా తొలగదు. కనుక జామీను నిలిచిన బంధువుకు ముందుగానే తెలియజేయడం ధర్మం.

రాజీ విఫలమైన ఆందోళనలో ఋణగ్రస్తులు సాధారణంగా చేసే పొరపాట్లు రెండు. మొదటిది, ఆస్తిని భార్య పేరనో బావమరిది పేరనో మార్చడం. ప్రతిఫలం లేకుండా చేసిన అటువంటి బదిలీ రెండేళ్లలోపుదైతే 53వ సెక్షన్ దానిని రద్దు చేయనిస్తుంది. రెండవది, గట్టిగా అడిగినవానికి లేదా అయినవానికి ముందుగా చెల్లించడం. మూడు నెలలలోపు అర్జీ దాఖలైతే, 54వ సెక్షన్ కింద ఆ పక్షపాత చెల్లింపు చెల్లదు. ‘ఐ.పి.’ పదానికి అపకీర్తి తెచ్చినవి ఇటువంటి చర్యలే. నిజాయితీగా రాసిన అప్పుల జాబితా, ఆస్తుల జాబితా, లెక్కల పుస్తకాలు ఋణగ్రస్తునికి అసలైన రక్షణ.

2016 నాటి దివాలా స్మృతి వ్యక్తుల కోసం కొత్త విధానాన్ని రూపొందించినా, 2019 డిసెంబరు 1 నుంచి అది కంపెనీల వ్యక్తిగత హామీదారులకు వర్తింపజేయబడింది. సామాన్య ఋణగ్రస్తునికి ఆధారం పాత చట్టమే.

5. లేమి - మోసం

1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు, చెల్లించలేకపోవడం ఒక్కటే సివిల్ ఖైదుకు చాలదని, దురుద్దేశం కూడా ఉండాలని స్పష్టం చేసింది. ‘లేక ఇవ్వలేనివాడు’, ‘ఉండీ ఇవ్వనివాడు’ అనే ఈ భేదం తెలుగువారికి కొత్తది కాదు. వారి నిత్యవ్యవహారంలో ఉన్నదే. కాని ‘ఐ.పి. పెట్టాడు’ అన్న ఒక్క మాట ఆ ఇద్దరినీ ఒకే గాటన కడుతోంది. పరువు పోతుందని అర్జీకి వెరచిన నిజాయితీపరుడు అధిక వడ్డీకి కొత్త అప్పు చేసి పాత అప్పు తీరుస్తాడు, లేదా ఊరు విడుస్తాడు. రెండింటిలోనూ అప్పులవారికి దక్కేది తగ్గుతుందే కాని పెరగదు.

6. ముగింపు

రాజీ తిరస్కరణ ఋణగ్రస్తుని శీలంపై ఇచ్చిన తీర్పు కాదు. అది ఒక లెక్కపై వ్యక్తమైన అసమ్మతి. ఆ తరువాత కూడా క్రమబద్ధమైన మార్గం ఉన్నదని, అది ఋణదాతలందరికీ సమానంగా పంచే మార్గమని గుర్తించినప్పుడు ‘ఐ.పి.’ తిరిగి ఒక అర్జీ పేరు మాత్రమే అవుతుంది. వ్యవహార పదాల అర్థపరిణామాన్ని పరిశీలించేవారు చట్టానికి, వాడుకకు మధ్య ఏర్పడిన ఈ అంతరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది. ఆ అంతరంలో చిక్కుకొన్నది మాట ఒక్కటే కాదు, మనుషుల బతుకులు కూడా.