గురువులేని వెబ్ విద్య: మంచి పాఠమును గుర్తించుట ఎట్లు?

నేర్చుకొందమన్న పుస్తకము దొరకదను చింత ఒకప్పటిది. నేడు వెబ్ పుటల నిర్మాణము నేర్వగోరువారికి పాఠములు మితిమీరి ఉండుటయే చిక్కు. కంప్యూటరులో ఒక్క మాట వ్రాసి వెదకినచో వందలకొలది పాఠములు ఎదుట నిలుచును. అందు నమ్మదగినదేది? కాలము చెల్లినదేది? గురువు కడ చదువువానికి ఈ ఎంపిక గురువే చేసిపెట్టును. తనంత తాను నేర్చువాడు మాత్రము విద్య రాకమునుపే ఆ విద్యలోని మంచిచెడ్డలను తేల్చుకొనవలసి వచ్చుచున్నది. ఇందుకు తోడ్పడు కొన్ని ఆనవాళ్ళను మేమిచట మనవి చేయుదుము.

ముందుగా నేర్వవలసినదేమో తెలియవలెను. వెబ్ పుటకు మూడు భాషలు ఆధారము. కార్యక్రమ పత్రికలోని ఒక పుటను తలచుకొనుడు. ఇది శీర్షిక, ఇది వేళ, ఇది ప్రసంగము పేరు అని విడదీసి చెప్పునది హెచ్.టి.ఎం.ఎల్. శీర్షిక ఏ రంగున ఉండవలెను, వేళలు ఏ వరుసలో నిలువవలెను అని నిర్ణయించునది సి.ఎస్.ఎస్. ‘సంగీతము’ అను మాటను నొక్కగానే సంగీత కార్యక్రమములు మాత్రమే మిగులునట్లు చేయునది జావాస్క్రిప్ట్. దీనిని 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించెను. ఈ మూటిని ఈ వరుసలోనే నేర్పు పాఠము మేలు. మొదటి రెండును విడిచి నేరుగా మూడవదానికి దుమికించు పాఠమును ప్రారంభకులు ఎంచుకొనరాదు.

మొదటి ఆనవాలు తేదీ. పాఠము ఎప్పుడు వ్రాయబడినది, ఎప్పుడు సవరింపబడినది అని చూడవలెను. అక్షరముల రంగు మార్చుటకు ‘ఫాంట్’ అను గుర్తును వాడుమనియు, పుట అమరికకంతకు పట్టికలు గీయుమనియు చెప్పు పాఠము పాతదని తెలియవలెను. ఆ పని నేడు సి.ఎస్.ఎస్. చేయుచున్నది. మేమును ఒకప్పుడు ఇట్టి పాఠమునే పట్టుకొని కొన్ని వారములు శ్రమపడితిమి. ఆదేశములు పనిచేయకపోగా మా బుద్ధినే నిందించుకొంటిమి. లోపము పాఠముదని ఆలస్యముగా తెలిసినది. ఇట్లు ‘మాకీ విద్య రాదు’ అని నడుమనే విడిచినవారెందరో!

పాతపాఠము కాలమును వృథా చేయుటయేగాక కీడును చేయగలదు. పి.హెచ్.పి. అను భాషలో సమాచార భాండారముతో మాటలాడుటకు పూర్వము వాడిన కొన్ని ఆదేశములు 2015లో వెలువడిన ఏడవ కూర్పున తొలగింపబడినవి. వానిని నేర్పిన పాఠములలో పెక్కు, పుటను చూచువారు టైపు చేసిన మాటలను ఉన్నవున్నట్లే ఆదేశములో కలుపుమని చెప్పెడివి. అట్లు చేసినచో దొంగకు తలుపు తెరచి పెట్టినట్లే!

రెండవ ఆనవాలు వ్రాసినవారెవరన్నది. మొజిల్లా సంస్థ 2005లో ఆరంభించిన ఎం.డి.ఎన్. నేడు ఈ విద్యకు నిఘంటువు వంటిది. అందు ప్రారంభకులకు వేరుగా పాఠక్రమమును కలదు. డబ్ల్యు త్రీ స్కూల్స్ లోని చిన్న ఉదాహరణములు త్వరగా చూచుకొనుటకు పనికివచ్చును. కాని పేరును బట్టి అది వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు త్రీ సి సంస్థకు చెందినదని భ్రమపడరాదు. ఆ రెంటికి సంబంధము లేదు. కృత్రిమ మేధ ఇచ్చు సమాధానమునైనను ఎం.డి.ఎన్. తో సరిచూచుకొనియే స్వీకరింపవలెను.

మూడవ ఆనవాలు పాఠము మన చేత పని చేయించునా అన్నది. గట్టున కూర్చున్న ఈత రాదు. ఫ్రీకోడ్‌క్యాంప్ అడుగడుగునకు అభ్యాసము పెట్టును. ది ఓడిన్ ప్రాజెక్ట్ మన యంత్రముమీదనే మనచే పుటలు కట్టించును. మరీన్ హావర్‌బెక వ్రాసిన ‘ఎలక్వెంట్ జావాస్క్రిప్ట్’ గ్రంథమును ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. అది కొంత కఠినము గనుక రెండవ మెట్టున చేపట్టుట మేలు. ఇవన్నియు ఆంగ్లమున ఉన్నవి. తెలుగున చెప్పు దృశ్యపాఠములును దొరకును. వానికిని పై మూడు ఆనవాళ్ళే పరీక్ష.

కొద్ది వారములలో ఉద్యోగమని చెప్పి వేలకు వేలు రుసుము అడుగు ప్రకటనలను చూచి తొందరపడరాదు. దూరపు కొండలు నునుపు. ముందు ఒక ఉచిత పాఠక్రమమును తుదివరకు నడిపినచో, మనకింకను కావలసినదేమో మనకే తెలియును. అప్పుడు చెల్లించు రుసుము వ్యర్థము కాదు.

తెలుగువారికి తగిన మరియొక పరీక్ష కలదు. మీ యూరి పేరు శీర్షికగా నాలుగు తెలుగు వాక్యములతో ఒక పుట వ్రాయుడు. పుట మొదట యు.టి.ఎఫ్.-8 అను అక్షర సంకేతమును తెలుపనిచో తెలుగు అక్షరములు గజిబిజి గుర్తులుగా కనబడవచ్చును. ఈ సంగతిని ఆరంభముననే చెప్పి, కారణమును వివరించు పాఠము శ్రద్ధగా వ్రాసినదని ఎంచవచ్చును. పిమ్మట పాఠమును మూసివేసి, అదే పుటను జ్ఞాపకమునుండి మరల వ్రాయుడు. తడబడిన చోటునే మరునాడు తిరిగి చదువవలెను.

1993 ఏప్రిల్ 30న సెర్న్ పరిశోధన సంస్థ, తన కడ టిమ్ బెర్నర్స్-లీ నిర్మించిన వెబ్ సాధనములను రుసుము లేక ఎల్లరును వాడుకొనవచ్చునని ప్రకటించినది. నాటినుండి ఈ విద్యకు వాకిలి తెరచియే ఉన్నది. ఒక పాఠక్రమము, ఒక నిఘంటువు, మీకు నిజముగా అక్కరకు వచ్చు ఒక చిన్న పుట: ఈ మూడును ఆరంభమునకు చాలును. చేపట్టిన పాఠము ముగియువరకు నాల్గవదానిని వెదకకుడని మా మనవి.