ఫ్రేయా దేవత - నామవిచారము

జర్మానిక జాతుల పురాణములలో ప్రణయమునకును సంతానసమృద్ధికిని అధిదేవతగా ప్రసిద్ధి గాంచినది ఫ్రేయా. ప్రణయదేవత యగుటచేత ఈమె నామమును సంస్కృతమందలి ‘ప్రియా’ శబ్దముతో ముడివెట్ట మనస్సు త్వరపడుట సహజము. ఆ సంబంధము నిలుచునా యని పరిశీలించుటయే ఇచట మా యుద్దేశము.

ఐస్‌లాండు ప్రజలు క్రీ.శ. 1000 ప్రాంతమున క్రైస్తవమును స్వీకరించిరి. ఫ్రేయా కథలకు ముఖ్యాధారములైన గ్రంథములు మాత్రము 13వ శతాబ్దమున వ్రాయబడినవి. స్నోరి స్టుర్లుసన్ (1179-1241) రచించిన గద్య ఎడ్డా వానిలో ప్రధానమైనది. దానినిబట్టి ఈమె వానిర్ అను దేవగణమునకు చెందిన న్యోర్డుని కూఁతురు. ఫ్రేయ్ అను దేవునకు సోదరి. ఈమె రథమును పిల్లులు లాగును. దూరదేశముల కేగిన భర్త ఓడ్ కొఱకు ఈమె కార్చిన కన్నీరు ఎఱ్ఱని బంగారమయ్యెనట. రణమున మడిసినవారిలో సగము మంది ఈమెకు చెందుదురు. కావున ఈమెను కేవలము ప్రణయదేవత యనుట అసమగ్రము.

ఇఁక నామమును గూర్చి. మూలభాషలోని పకారము జర్మానిక భాషలలో ఫకారమగునని గ్రిమ్ పండితుఁడు 1822లో వివరించెను. ‘పితృ’ శబ్దమునకు ఆంగ్లమందలి ‘ఫాదర్’ సోదరమగుట ఇందుకు ఉదాహరణము. ఈ సూత్రము ననుసరించి ‘ప్రియా’ శబ్దమునకు సరిపడునది ఓడిన్ భార్యయగు ఫ్రిగ్ నామమే కాని ఫ్రేయా కాదు. ఆంగ్లమున శుక్రవారమునకుఁ గల ‘ఫ్రైడే’ అను పేరును ఫ్రిగ్ దేవతదే. రోమనుల వీనస్ దినమునకు అది అనువాదము.

ఫ్రేయా యనఁగా ‘దొరసాని’ యని యర్థము. జర్మను భాషలోని ‘ఫ్రౌ’ దీనికి జ్ఞాతి. 4వ శతాబ్దపు గోథిక బైబిలులో ప్రభువునకు వాడిన ‘ఫ్రౌయ’ యు ఈ మూలమునకే చెందినది. అందలి ఔకారము ‘ప్రియా’ నుండి పుట్టఁజాలదు. సోదరుని పేరగు ఫ్రేయ్ శబ్దమునకును ‘ప్రభువు’ అనియే యర్థము. అనఁగా ఇవి తొలుత బిరుదములు. మార్డోల్, హోర్న్, గెఫ్న్, సూర్ అను ఇతర నామములను స్నోరి ఈమెకుఁ జెప్పియుండుట ఈ సందర్భమున గమనింపఁదగినది.

ఫ్రిగ్, ఫ్రేయాలు ఆదిలో ఒక్క దేవతయే యని కొందఱు పండితులు తలఁతురు, కొందఱు కాదందురు. ఈ వివాదము కథల సామ్యముపైనను, ఆరాధనకు మిగిలిన ఆధారములపైనను తేలవలసినది. నామముల పోలిక ఇందుకు సాక్ష్యము కానేరదు. చెవికి సోదరములుగాఁ దోఁచు శబ్దముల మూలరూపములను విచారింపక దేవతల నేకము చేయుట పరిశోధకులకుఁ దగదని మా విన్నపము.