పచ్చడి సరే... పాలసీ ఏదీ?

కొడుక్కి గల్ఫ్ వీసా వచ్చిందనగానే అమ్మ పూర్ణా మార్కెట్‌కి బయల్దేరుతుంది. చింతపండు, ఎండుమిరప, ఇంగువ... పిల్లాడికి నాలుగు రకాల పచ్చళ్లయినా పెట్టాలి కదా! నాన్నకేమో సూట్‌కేసు బరువెంతన్నదే బెంగ. విశాఖలో వెల్డింగో ఫిట్టింగో నేర్చుకుని విమానం ఎక్కే ఆ కుర్రాడికి అక్కడ కాలు విరిగితే బిల్లు ఎవరు కడతారు? ఆ మాట మాత్రం ఎవరికీ తట్టదు.

పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు సాధారణంగా 'ఈసీఆర్' రకం. దాంతో గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతికి 'ప్రవాసీ భారతీయ బీమా యోజన' పాలసీ తప్పనిసరి. 2003లో మొదలైన ఈ పథకాన్ని 2017లో సవరించి, ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 చేశారు. పన్ను అదనం. అమ్మ మోసుకొచ్చిన సరుకుల సంచీ ఖర్చు కూడా కాదది! ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. జబ్బుకో దెబ్బకో ఆస్పత్రిలో చేరితే లక్ష దాకా... ఒక్కసారికి 50 వేలు మించకుండా. వైద్యం అక్కడైనా, ఇక్కడికొచ్చి చేయించుకున్నా సరే.

లక్ష ఏ మూలకంటారా? నిజమే, పెద్ద ఆపరేషన్‌కి చాలదు. అసలు భారం మోయాల్సింది యజమాని. దుబాయ్‌లో 2013 నాటి చట్టం ఉద్యోగుల ఆరోగ్య బీమా ఖర్చు యజమాని మీదే పెట్టింది. జీతంలో కోయడానికి లేదు. 2025 జనవరి నుంచి యూఏఈ అంతటా ఉద్యోగులకు బీమా తప్పనిసరైంది. కాబట్టి చేరగానే మొహమాటపడకుండా కార్డు అడిగి తీసుకోవాలి.

చిక్కంతా విజిట్ వీసాతోనే. 'ముందు వెళ్లిపో, అక్కడ మార్పిస్తా' అంటాడు ఏజెంటు. అలా వెళ్లినవాడికి ఇక్కడి పాలసీ ఉండదు, అక్కడి కార్డూ ఉండదు. సైటులో పరంజా మీంచి పడితే మిగిలే దిక్కు భారత రాయబార కార్యాలయం. 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి అత్యవసర వైద్యానికి సాయం కోరవచ్చు. అయితే స్తోమత చూసి ఇచ్చే సాయమది, హక్కు కాదు.

పాలసీ తీసుకున్నవాళ్లు ఒక జిరాక్సు ఇంట్లో ఉంచి వెళ్లాలి. జరగరానిది జరిగితే క్లెయిము కోసం తిరగాల్సింది ఇంట్లోవాళ్లే. నామినీ పేరు సరిచూసుకుని, గడువు తేదీని గోడ మీది క్యాలెండర్లో రాసిపెట్టండి.