ఏది స్వదేశీ?

స్వదేశీ వస్తువును కొనడం దేశసేవ అన్న భావన మనకు కొత్తది కాదు. 1905లో వంగ విభజనకు నిరసనగా చెలరేగిన ఉద్యమం విదేశీ వస్త్రాలను బహిష్కరించమని ప్రబోధించింది. ఇంగ్లాండు మిల్లులో నేసిన గుడ్డ వెలలో నేతకూలి, యజమాని లాభం రెండూ ఆ దేశానికే చేరేవి. కనుక ఆనాడు స్వదేశీ ఏదో, విదేశీ ఏదో స్పష్టంగా తెలిసేది. నేడు కారు కొనదలచిన వ్యక్తికి అది అంత తేలికగా తెలియదు.

ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి అనంతపురం జిల్లాలోని రాయదుర్గం చక్కని ఉదాహరణ. వానలు ముఖం చాటేస్తే వేరుశనగ ఎండిపోయే ఈ కరవుసీమలో జీన్స్ దుస్తుల కుట్టుపని అనేక కుటుంబాలకు జీవనాధారం. గుడ్డ వేరొక రాష్ట్రం నుండి రావచ్చు. ప్యాంటుపై ఉండే పేరు మరొకరిది కావచ్చు. అయినా కుట్టుకూలి రాయదుర్గం వారికే దక్కుతుంది. ఆ కూలితోనే ఊరి అంగళ్లు నడుస్తాయి. ఒకే వస్తువు వెల ఇలా పలువురికి పంపకమవుతుంది.

కారు విషయమూ ఇంతే. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ కర్మాగారం నెలకొన్నది. 2017లో ఒప్పందం కుదిరి, 2019 డిసెంబరులో ప్రారంభమైన ఈ కర్మాగారాన్ని ఏటా 3 లక్షల కార్ల ఉత్పత్తి సామర్థ్యంతో నిర్మించారు. నాటి అనంతపురం జిల్లాలోని ఆ ప్రాంతం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఇక్కడి కారు పేరు విదేశీయమే. లాభంపై హక్కు కొరియా సంస్థదే. కాని కార్మికుల వేతనాలు, విడిభాగాలు చేసే అనుబంధ పరిశ్రమల ఆదాయం, ప్రభుత్వానికి చెల్లించే పన్నులు ఈ దేశానివే.

ఆర్థికశాస్త్రం ఈ భేదాన్ని గుర్తించింది. యజమాని ఎవరైనా, దేశపు ఎల్లల లోపల జరిగిన ఉత్పత్తి విలువ స్థూల దేశీయోత్పత్తిలో చేరుతుంది. దాని నుండి విదేశీయులకు పోయే లాభాది ఆదాయాలను తీసివేసి, విదేశాల నుండి మనవారికి వచ్చే ఆదాయాలను కలిపితే స్థూల జాతీయాదాయం తేలుతుంది.

పేరును మాత్రమే నమ్మితే పొరపాటు పడవచ్చు. 1983లో తొలి కారును అందించిన మారుతి పేరు మనదే. కాని ఆ సంస్థలో అధిక వాటా నేడు జపాను దేశపు సుజుకీది. 2008లో టాటా మోటార్స్ కొన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ యజమాని భారతీయుడే. అయితే బ్రిటన్‌లో తయారై దిగుమతి అయిన కారును కొంటే, దాని తయారీ వేతనం అక్కడి కార్మికునికే చెందుతుంది.

అట్లని యాజమాన్యానికి విలువ లేదనరాదు. 1998లో టాటా సంస్థ ఇండికా కారును వెలువరించినప్పుడు, కారును సొంతంగా రూపొందించే అనుభవం మన ఇంజనీర్లకు లభించింది. పరాయి నమూనాను కూర్చడం కూలినిస్తుంది. సొంత నమూనాను సృష్టించడం విద్యనిస్తుంది. కర్మాగారాన్ని విస్తరించాలా, మూసివేయాలా అన్న నిర్ణయాధికారం కూడా యజమానిదే.

కాబట్టి స్వదేశాభిమాని కారు పేరుతో తృప్తి చెందరాదు. అది ఎక్కడ తయారైంది, విడిభాగాలు ఎక్కడివి, లాభం ఎవరిది, రూపకల్పన ఎవరిది అని విచారించాలి. కరవు నేలపై ఒక యువకునికి పని దొరకడం దేశానికి మేలు. ఆ యువకుడే రేపు కొత్త యంత్రాన్ని రూపొందించగలగడం అంతకు మించిన మేలు. ఈ రెండింటినీ సాధించేదే నిజమైన స్వదేశీ.