ఆరా ముట్టడి

1857వ సంవత్సరపు తిరుగుబాటు అనగానే ఢిల్లీ ప్రాకారములు, లక్నో రెసిడెన్సీ, ఝాన్సీ కోట మన మనస్సునకు వచ్చును. వానితో పోల్చిచూచిన ఆరా ముట్టడి మిక్కిలి చిన్నది. ముట్టడింపబడినది కోట కాదు. ఒక ఇంజనీరు బిలియర్డ్సు ఆట కొరకు కట్టించుకొనిన రెండంతస్తుల ఇల్లు. ముట్టడి సాగినది ఎనిమిది దినములు మాత్రమే. అయినను ఆ మహా సంక్షోభము ఎట్లు చెలరేగెనో, ఎందుచేత విఫలమయ్యెనో తెలిసికొనగోరువారికి ఆ చిన్న ఇల్లు చెప్పు పాఠము చిన్నది కాదు. దానిని ఇచట వివరింప యత్నింతుము.

ఆరా బీహారులో పాట్నాకు పడమర, శోణనదికి ఆవల నున్న పట్టణము. నాడది షాహాబాదు జిల్లాకు ముఖ్యస్థానము. ఆ ప్రాంతపు పల్లెలనుండి ఎందరో యువకులు కంపెనీవారి బెంగాలు సైన్యములో సిపాయిలుగా చేరియుండిరి. కావున దండులో రగిలిన అసంతృప్తి పల్లెకు చేరుటకు దూరము లేదు. ఆ జిల్లాలోని జగదీశపురమునకు జమీందారు కువర్ సింగు. ఆయన అప్పటికి ఎనుబదేండ్ల వయస్సునకు వచ్చిన రాజపుత్ర వృద్ధుడు. అప్పులలో చిక్కుకొన్న ఆయన ఆస్తి విషయమున ప్రభుత్వము మొదట చేయూతనిచ్చి, పిదప చేయి విడిచినది. పాట్నా కమిషనరు టేలరు అనుమానించి తన యొద్దకు రమ్మని కబురంపగా, ఆరోగ్యము బాగుగ లేదని చెప్పి ఆయన వెళ్లలేదు.

1857 జూలై 25వ తేదీన దానాపూరు దండులోని 7వ, 8వ, 40వ పటాలముల సిపాయిలు తిరుగబడి, ఆయుధములతో వెడలి, శోణనదిని దాటి ఆరాకు వచ్చిరి. 27వ తేదీన పట్టణము వారి వశమయ్యెను. ఖజానాను పట్టుకొని, కారాగృహపు తలుపులు తెరచి ఖైదీలను విడిచిరి. కువర్ సింగు నాయకత్వము వహించెను. జిల్లా నలుమూలలనుండి ఆయన మనుష్యులు వచ్చి చేరిరి.

పట్టణములోని ఆంగ్లేయులు పారిపోక, రైల్వే ఇంజనీరు వికర్స్ బాయిల్ ఆవరణలోని చిన్న ఇంట చేరిరి. తోటివారు నవ్వుచున్నను లెక్కచేయక, బాయిల్ ముందుచూపుతో ఆ ఇంటి వాకిళ్లను ఇటుకలతో మూయించి, ఇసుక బస్తాలు పేర్పించి, తిండిగింజలు, మందుగుండు నిలువచేసి ఉంచెను. లోపల నున్న యోధులు డెబ్బదిమందికి లోపు. అధికారము మేజిస్ట్రేటు హెర్వాల్డ్ వేక్‌ది. అయితే వారిలో ఆంగ్లేయులు, వారి తోడివారు ఇరువదిమందికి మించరు. తక్కిన యాబదిమందియు సిక్కు పోలీసులు. ఈ లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

బయట వేలకొలది జనము, లోపల డెబ్బదిమంది; అయినను ఇల్లు ఎందుకు పడలేదు? మొదటి దినమున సిపాయిలు సూటిగా మీదికి దూకగా, ఇసుక బస్తాల చాటునుండి వచ్చిన గుండ్లకు నిలువలేక వెనుదిరిగిరి. అంతట వారు చెట్ల చాటునుండియు, కొలది గజముల దూరమున నున్న బాయిల్ పెద్ద బంగళానుండియు ఎడతెగక తుపాకులు కాల్చిరి. రెండు చిన్న ఫిరంగులను తెచ్చిరి. ఒకదానిని బంగళా కప్పు మీదికి ఎక్కించిరి. కాని ఫిరంగికి తగిన గుండ్లేవి? పియానోలకు, సోఫాలకు అడుగున నుండు ఇత్తడి చక్రములను ఊడదీసి గుండ్లకు బదులుగా కూరి పేల్చిరి. ధైర్యమునకు కొరత లేదు; గోడలు పగులగొట్టు సాధనమునకే కొరత.

పిదప ఇంటి చుట్టును కట్టెలు పేర్చి, వానిపై ఎండుమిరపకాయలు పోసి నిప్పంటించిరి. పోపులో ఒక్క మిరపకాయ మాడిననే ఇల్లంతయు దగ్గు పట్టుట మన గృహిణులకు తెలియనిది కాదు. ఇక బస్తాలకొలది మిరపకాయల పొగ ఎట్టిదో ఊహింపవచ్చును. కాని గాలి అనుకూలింపలేదు. చచ్చిన గుఱ్ఱముల కళేబరముల దుర్గంధమును లోనివారు సహించిరి. నీరు తరిగిపోవుచుండగా సిక్కులు ఇంటి అడుగుననే నుయ్యి త్రవ్వి నీరు పట్టిరి. తుదకు ముట్టడిదారులు గోడ క్రిందికి సొరంగము త్రవ్వ నారంభించిరి. అది తెలిసి లోనివారును ఎదురు సొరంగము త్రవ్విరి.

జూలై 29వ తేదీన డన్‌బార్ అను కెప్టెను నాలుగువందల పైచిలుకు సైనికులతో దానాపూరునుండి సహాయమునకై వచ్చెను. రాత్రివేళ ఆరా సమీపమున మామిడితోపులలో పొంచియున్న సిపాయిలు ఒక్కమారుగా కాల్చిరి. డన్‌బార్ హతుడయ్యెను. మిగిలినవారు తెల్లవారిన పిమ్మట నదివైపు మరలిపోవుచుండగా దారిపొడుగునను గుండ్లు తగిలెను. ఆ దళములో సగమునకు పైగా చనిపోయిరి, లేక గాయపడిరి. ఇది కువర్ సింగు పక్షమునకు గొప్ప విజయము.

అయితే గంగపై ప్రయాణము చేయుచుండిన మేజరు విన్సెంట్ ఐర్ బక్సరులో ఈ వార్త విని, సుమారు రెండువందలమందిని, ఎద్దులు లాగు మూడు ఫిరంగులను సమకూర్చుకొని బయలుదేరెను. ఆగస్టు 2వ తేదీన బీబీగంజ్ వద్ద పోరు జరిగెను. కువర్ సింగు సైన్యమే సంఖ్యలో అధికము. కాని సరియైన ఫిరంగులు ఐర్ పక్షమున నుండెను. 3వ తేదీ ఉదయమున ముట్టడి విడిపోయెను. ముట్టడిదారుల సొరంగము ఇంటి పునాదులను చేరి, పేల్చుటకు సిద్ధముగ నున్నట్లు అప్పుడు తెలిసెను. లోనివారిలో ఒక్కరును చావలేదు.

ఇప్పుడు మనము ముందు చెప్పిన లెక్కకు వత్తము. ఆ ఇంటిని నిలిపినవారిలో అధికసంఖ్యాకులు భారతీయులే. బయటివారు దేశము పేర, మతము పేర, ధనము చూపియు సిక్కులను పిలిచిరి, వారు కదలలేదు. వారిని ద్రోహులని ఒక్క మాటతో త్రోసివేయుట సులభము. చరిత్ర అంత సులభము కాదు. ఎనిమిదేండ్ల క్రిందటనే, 1849లో, పంజాబు కంపెనీ పాలయినది. ఆ యుద్ధములలో కంపెనీ పక్షమున పోరాడినవారిలో ఈ బెంగాలు సైన్యపు సిపాయిలే అనేకులు. తమ రాజ్యమును కూల్చిన చేతులే నేడు స్నేహమునకై చాచబడగా, వారు నమ్మలేకపోయిరి. పరుల సేవలో ఒకరినొకరు ఓడించిన జాతులు ఒక్కదినమున ఒక్క జాతి కాజాలవు. ఆ ఎనిమిది దినములును ఇంటికి పెట్టని గోడయై నిలిచినది ఆ అపనమ్మకమే.

ఆగస్టు 12వ తేదీన జగదీశపురము ఐర్ వశమయ్యెను. కువర్ సింగు కట్టించిన దేవాలయమును సైతము కూల్చివేసిరి. అయినను ఆ వృద్ధుడు లొంగలేదు. కాల్పీ, కాన్పూరు, లక్నోల మీదుగా నెలలతరబడి తిరిగి, 1858 మార్చిలో ఆజంగఢ్ ప్రాంతమున ఆంగ్ల దళమును ఓడించెను. ఏప్రిలులో గంగను దాటుచుండగా చేతికి గుండు తగిలెను. ఆ చేతిని తానే ఖండించి గంగకు అర్పించెనని బీహారు ప్రజలు చెప్పుకొందురు. ఏప్రిలు 23వ తేదీన జగదీశపురము వద్ద కెప్టెన్ లీ గ్రాండ్ దళమును ఓడించి, మూడు దినములకు తన ఇంటనే కన్నుమూసెను.

ఆ చిన్న ఇల్లు నేటికిని ఆరాలో, మహారాజా కళాశాల ఆవరణమున నిలిచియున్నది. దానిని ఒకప్పుడు ఆంగ్లేయులు తమ పట్టుదలకు గుర్తుగ చెప్పుకొనిరి. మనకు అది మరియొక మాటను గుర్తు చేయును: ఆ గోడకు లోపల నున్నవారిలో అధికులును, వెలుపల నున్నవారందరును మన దేశస్థులే.