మీకు తెలుసా? బీదరుకు గుర్రం ఓడెక్కి వచ్చేది

ఆటగాడు కోరిన దిక్కుకల్లా తిరగగల వీడియో గేములను ‘ఓపెన్ వరల్డ్’ ఆటలంటారు. 2022లో విడుదలైన ‘ఎల్డెన్ రింగ్’ వంటి కాల్పనిక ప్రపంచాలలో ఈల వేయగానే స్వారీ గుర్రం ప్రత్యక్షమవుతుంది. బహమనీ సుల్తానుల రాజధానిగా వెలిగిన 15వ శతాబ్దపు బీదరులో అంత సౌకర్యం లేదు. మేలుజాతి గుర్రాలు దక్కనులో అరుదు కావడంతో, అవి అరేబియా, పారసీక దేశాల నుంచి ఓడలలో పశ్చిమ తీరపు రేవులకు చేరేవి. రష్యాలోని త్వేర్ నగర వర్తకుడు అఫనాసీ నికితిన్ 1470 ప్రాంతంలో హోర్ముజ్ మీదుగా ఒకే ఒక్క మగ గుర్రంతో చౌల్ రేవులో దిగాడు. జున్నరులో అక్కడి అధికారి అసద్ ఖాన్ దానిని లాక్కొని, మతం మారితే వేయి బంగారు నాణేలు కలిపి తిరిగి ఇస్తానన్నాడు. ఒక ఖురాసానీ పెద్దమనిషి కల్పించుకోవడంతో గుర్రం దక్కగా, నికితిన్ దానిని మేపి బీదరులో అమ్ముకున్నాడు. ఇక్కడి గుర్రాలకు చక్కెర, నూనె కలిపి ఉడికించిన కిచిడీ పెడతారని అతడు నమోదు చేశాడు. ఈ నేలపై పుట్టేవి ఎద్దులూ దున్నలేననీ, స్వారీకైనా సరుకులకైనా జనం వాటినే వాడతారనీ కూడా రాశాడు.