ప్లంబింగు పనులలో భద్రత

ప్లంబింగు పనులలో భద్రత అనగా నీటి గొట్టాలు, సంపులు, సెప్టిక్ ట్యాంకులు అమర్చేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు, ఆ పనిని విద్యార్థులకు చేసి చూపేటప్పుడు ప్రమాదాలు జరగకుండా తీసుకొనే జాగ్రత్తలు. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో నేల, నీటి స్వభావం వలన వీటి అవసరం మరింత ఎక్కువ.

ప్రాంతపు స్వభావం

ఇది కృష్ణా డెల్టా దిగువ భాగం. నేల ఎక్కువగా నల్లరేగడి, ఒండ్రుమట్టి. తీరం వైపు భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. అందువలన కృష్ణా కాలువల నీటిని చెరువులలో నిల్వచేసి, శుద్ధిచేసి తాగునీటిగా అందిస్తారు. విజయవాడ వద్ద మొదలయ్యే బందరు కాలువ మచిలీపట్నం వరకు సాగుతుంది. నీరు నిర్ణీత వేళలలో మాత్రమే వదిలే చోట్ల ఇళ్ళలో సంపు కట్టి, మోటారుతో పైట్యాంకుకు ఎక్కిస్తారు. కాబట్టి ఇక్కడి ప్లంబరుకు గుంట, విద్యుత్తు, తడిమట్టి మూడూ నిత్యం ఎదురవుతాయి.

గుంటలలోని వాయువులు

ప్రాణాలు తీసే ప్రమాదాలలో ఇది ముఖ్యమైనది. సెప్టిక్ ట్యాంకులో మలినాలు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడు, మీథేన్ వాయువులు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడుకు కుళ్ళిన గుడ్ల వాసన ఉంటుంది. దాని మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తిని కోల్పోతుంది. అంటే వాసన తెలియకపోవడం క్షేమానికి గుర్తు కాదు.

కొత్త సంపు కూడా ప్రమాదకరమే. మూసి ఉన్న సంపులో తడిసిన సెంట్రింగు చెక్క కుళ్ళుతూ ప్రాణవాయువును హరిస్తుంది. గాలిలో సాధారణంగా దాదాపు 21 శాతం ప్రాణవాయువు ఉంటుంది, 19.5 శాతం కంటే తగ్గితే ఆ చోటు సురక్షితం కాదు. బావిలోకి దీపం దించి చూసే పాత పద్ధతి విషవాయువులను గుర్తించలేదు. మీథేన్ ఉన్నచోట దీపం వలన మంట అంటుకోవచ్చు.

సెప్టిక్ ట్యాంకును యంత్రంతోనే ఖాళీ చేయించాలి. సంపులోకి దిగే ముందు మూత తెరిచి, ఫ్యానుతో గాలి పంపి, వాయువులను కొలిచే సాధనంతో పరీక్షించాలి. దిగేవారి ఒంటికి పట్టీ, తాడు ఉండాలి. తాడు పట్టుకొని పైన మనుషులు ఉండాలి. డీజిల్ ఇంజనును గుంటలో నడపరాదు.

లోపల ఒకరు పడిపోతే కాపాడాలని వెంటనే దిగినవారు కూడా చనిపోయే అవకాశం ఎక్కువ. దిగకుండా తాడుతో పైకి లాగాలి. 101, 108 లేదా 112కు ఫోను చేయాలి.

విద్యుత్తు

ఉప్పుగాలి వలన మోటారు పెట్టె, తీగల కలపులు త్వరగా తుప్పుపడతాయి. సంపులో పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి దగ్గర ఉంచుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు అమర్చడం మంచిది. కొన్ని పాత ఇళ్ళలో ఇనుప గొట్టాన్నే ఎర్తుగా వాడుకొని ఉంటారు. మధ్యలో ప్లాస్టిక్ గొట్టం వేస్తే ఆ ఎర్తు తెగిపోతుంది.

కందకాలు

ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైగా బరువు ఉంటుంది. తడిసిన గట్టు హఠాత్తుగా కూలగలదు. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కలకు పలకలతో ఊతం ఇవ్వాలి లేదా గట్టును వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలి.

శిక్షణా ప్రదర్శనలు

ఐటీఐలలో ప్లంబరు కోర్సు ఒక సంవత్సరం. ప్రదర్శనలో విద్యార్థులను తగినంత దూరంలో నిలపాలి. గొట్టం కోసేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. పి.వి.సి. గొట్టాలు అతికించే జిగురు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కనుక గాలి ఆడే చోటనే వాడాలి. పి.వి.సి. గొట్టాలను నీటి పీడనంతోనే పరీక్షించాలి. గాలి నింపితే గొట్టం పగిలి ముక్కలు ఎగురుతాయి. వాడుకలో ఉన్న సెప్టిక్ ట్యాంకును పాఠానికి ఉపయోగించరాదు, నమూనా చాలు.

చట్టం

2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకు లేదా మురుగు కాలువ శుభ్రతకు దింపడం నేరం. మొదటిసారి నేరానికి రెండు సంవత్సరాల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

ఇవి కూడా చూడండి
* కృష్ణా జిల్లా
* దివిసీమ
* విద్యుద్ఘాతం
* ప్రథమ చికిత్స